గాజుసీసా నుండి కొండవాలుకు: అంతరిస్తున్న ఔషధ మొక్కల కణజాల వర్ధనం – తెలుగునేల అనుభవం

వ్యాససంగ్రహం:

వేరు కోసమో, బంక కోసమో, చేవ కోసమో అడవిలో నరికివేతకు గురైన ఔషధ మొక్కలను ప్రయోగశాలలో కణజాల వర్ధనం ద్వారా పెంచే ప్రయత్నాలు తెలుగునేలలో మూడు దశాబ్దాలకు పైగా జరుగుతున్నాయి. ఎర్రచందనం, మొగి, కొండ సాంబ్రాణి, మారెడు కొమ్ములు, తపసి, కుందేటి కొమ్ములు వంటి మొక్కలపై తిరుపతి, అనంతపురం, మైసూరు, బెంగళూరు పరిశోధకులు సాధించిన ఫలితాలు ఈ చరిత్రలో ముఖ్యమైనవి. ఆ ప్రయోగాల పూర్వరంగాన్ని, క్రమాన్ని, పరిమితులను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. సీసాలో మొక్క బతకడం ఒక విజయం. ఆ మొక్క కొండవాలుకు చేరి, అక్కడి మనుషుల చేతుల్లో నిలవడం మరొక విజయం. మొదటిది సాధ్యమైనంతగా రెండవది ఎందుకు సాధ్యం కాలేదన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: కణజాల వర్ధనం, ఔషధ మొక్కలు, సర్పగంధి, ఎర్రచందనం, మారెడు కొమ్ములు, తపసి బంక, శేషాచలం, నల్లమల, నారపల్లి.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు తూర్పు దిక్కున తార్నాక మొదలుకొని హబ్సిగూడ, ఉప్పల్, బోడుప్పల్, మేడిపల్లి మీదుగా నారపల్లి వరకు సాగే దారి పొడవు సుమారు పదిహేను కిలోమీటర్లు. ఈ కొద్ది దూరంలోనే మొక్కతో మనిషికి ఉన్న మూడు రకాల సంబంధాలు కనిపిస్తాయి. దారి మొదట్లో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. దాని వృక్షశాస్త్ర, జన్యుశాస్త్ర విభాగాలలో మొక్క పరిశోధన వస్తువు. సమీపంలోనే, 1944లో హైదరాబాదు సంస్థానంలో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనల కేంద్ర ప్రయోగశాలలుగా మొదలై, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా మారి, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా వ్యవహరింపబడుతున్న సంస్థ ఉంది. ఆ సంస్థలో మొక్క అంటే దాని నుండి వేరుచేసే రసాయనం. ఉప్పల్ దాటాక బోడుప్పల్‌లో కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థకు చెందిన పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ మొక్క పంట. నిమ్మగడ్డి, పామరోజా, సుగంధ జెరేనియం వంటివి దక్కన్ నేలలో రైతుకు ఎలా గిట్టుబాటు అవుతాయన్నది ఆ కేంద్రం చూసే విషయం. ఇంకా ముందుకు వెళితే నారపల్లి దగ్గర వరంగల్ రహదారి పక్కన రక్షిత అటవీ భూమి, అందులో అటవీశాఖ తీర్చిదిద్దిన భాగ్యనగర నందనవనం ఉన్నాయి. అక్కడ మొక్క అడవిలో భాగం.

పరిశోధన వస్తువు లేదా ముడిసరుకు, పంట, అడవి అనే ఈ మూడు స్థితుల మధ్య ఒక ఔషధ మొక్క ప్రయాణం చేయవలసి వస్తే ఏమవుతుంది? అడవిలో తరిగిపోయిన మొక్కను ప్రయోగశాలలో పెంచి, పొలానికో అడవికో తిరిగి పంపవచ్చునన్న ఆశ మీద కణజాల వర్ధనం అనే పద్ధతి నిలబడింది. ఆ ఆశ తెలుగునేలలో ఎంతవరకు నెరవేరిందో తెలుసుకోవాలంటే ముందుగా మొక్కలు ఎందుకు తరిగిపోయాయో చూడాలి.

2. వేరు తవ్వితే మొక్క పోతుంది:

ఆకు కోసినా, కాయ తెంపినా మొక్క మళ్ళీ చిగురిస్తుంది. వేరు తవ్వినప్పుడు, మానును చేవ కోసం నరికినప్పుడు, బెరడును చుట్టూ ఒలిచినప్పుడు మొక్క చనిపోతుంది. అంతరించే దశకు చేరిన ఔషధ మొక్కలలో చాలావాటి కథ ఈ తేడాలోనే ఉంది. ఇంటి అవసరానికి నాటువైద్యుడు ఒక వేరు తవ్వుకున్నప్పుడు అడవికి లోటు తెలియదు. అదే వేరు బస్తాల లెక్కన దూరపు విపణికి వెళ్ళడం మొదలైతే కొన్ని సంవత్సరాలలోనే కొండ ఖాళీ అవుతుంది.

ఈ మార్పుకు స్పష్టమైన ఉదాహరణ సర్పగంధి. ఆయుర్వేదంలో, జానపద వైద్యంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఈ చిన్న పొదను ఆధునిక వైద్యం 20వ శతాబ్దంలో గుర్తించింది. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్‌లు రక్తపోటు, మానసిక రుగ్మతల చికిత్సలో దీని ప్రభావాన్ని గురించి రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులపై పొందిన ఫలితాలను బ్రిటిష్ హృద్రోగ పత్రికలో ప్రకటించగానే ప్రపంచ దృష్టి దీనిపై పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు దీని వేరు నుండి రిసర్పిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. ఆ తరువాత వేరుకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. మందు ఉన్నది వేరులో కాబట్టి అడవి నుండి వచ్చిన ప్రతి కిలో వేరు వెనుక తవ్వి తీసిన మొక్కలు ఉన్నాయి. చివరకు 1990లో ఈ మొక్క అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండవ అనుబంధంలో చేరింది. ఎర్రచందనం 1995లో అదే అనుబంధంలోకి వచ్చింది.

సర్పగంధి మరొక కారణం చేత కూడా ఈ చరిత్రలో ముఖ్యమైనది. అడవిలో తరుగుతున్న ఔషధ మొక్కను సీసాలో పెంచాలన్న ఆలోచన భారతదేశంలో తొలుత ప్రయోగరూపం దాల్చిన మొక్కలలో ఇది ఒకటి. 1970లో మిత్రా, చతుర్వేది అనే పరిశోధకులు సర్పగంధి ఆకు కణజాలం నుండి పూచి, కాచే మొక్కలను పొందినట్లు ప్రకటించారు. ఒక ఆకు ముక్క నుండి పూర్తి మొక్క రావడం ఎలా సాధ్యమైందో అర్థం కావడానికి ఆ శాస్త్రం నడిచిన దారిని క్లుప్తంగా చూడాలి.

3. కణజాల వర్ధనం – పరిణామం:

కొమ్మ నాటితే మొక్క మొలుస్తుందన్నది రైతుకు ఎప్పటినుండో తెలిసిన విషయం. కొమ్మకు బదులు ఒక్క కణం నుండే మొక్కను మొలిపించవచ్చునని ఊహించినవాడు ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు గాట్లీబ్ హేబర్‌లాండ్. ఆయన 1902లో ఆకు కణాలను పోషక ద్రావణంలో ఉంచి పెంచాలని చూశాడు. కణాలు కొంతకాలం బతికాయి కాని విభజన చెందలేదు. ప్రయోగం విఫలమైనా, ప్రతి జీవకణంలోనూ పూర్తి మొక్కగా ఎదిగే శక్తి దాగి ఉంటుందన్న ఆయన భావన నిలిచింది. దానినే తరువాత టోటిపొటెన్సీ అన్నారు. 1934లో ఫిలిప్ వైట్ టమాటా వేళ్ళను పోషక ద్రావణంలో నిరంతరంగా పెంచగలిగాడు. 1939 నాటికి ఫ్రాన్స్‌లో గోత్రే, నోబేకూర్, అమెరికాలో వైట్ మొక్కల కణజాలాన్ని ఎంతకాలమైనా పెంచవచ్చునని నిరూపించారు.

ఈ కథలో తెలుగు ఇంటికి బాగా తెలిసిన రెండు వస్తువులు కీలకమైన పాత్ర వహించాయి. ఒకటి కొబ్బరి నీళ్ళు, రెండవది ఉమ్మెత్త. 1941లో వాన్ ఓవర్‌బీక్ బృందం ఉమ్మెత్త పిండాలను పోషక మాధ్యమంలో పెంచుతూ దానికి కొబ్బరి నీళ్ళు కలిపినప్పుడు పెరుగుదల బాగా మెరుగుపడింది. కొబ్బరి నీళ్ళలో కణవిభజనను ప్రేరేపించే పదార్థాలున్నాయని క్రమంగా తెలిసింది. ఆ కోవకు చెందిన కైనెటిన్‌ను 1955లో మిల్లర్, స్కూగ్‌లు హెర్రింగ్ చేప వీర్యకణాల డి.ఎన్.ఎ. నుండి వేరుచేశారు. 1957లో వారే మరొక ముఖ్యమైన సూత్రాన్ని అందించారు. మాధ్యమంలో ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్ళు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్ళు వస్తాయి. రెండూ సమంగా ఉంటే ఆకారం లేని కణముద్ద, అంటే కాలస్, పెరుగుతుంది. 1962లో మురాషిగే, స్కూగ్‌లు పొగాకు కణజాలం కోసం రూపొందించిన లవణాల మిశ్రమం ఎం.ఎస్. మాధ్యమం పేరుతో ప్రపంచమంతటా ప్రామాణికమైంది. ఈనాటికీ ఔషధ మొక్కల ప్రయోగాలలో ఎక్కువభాగం దానితోనే మొదలవుతాయి.

భారతదేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసినది పంచానన్ మహేశ్వరి నాయకత్వంలోని ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం. అక్కడ 1964లో శిప్రా గుహ, సతీశ్ మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాల నుండి ఏకస్థితిక పిండాలను పొందారు. ఇలా మన పెరటి చివర పెరిగే ఒక మందుమొక్క ప్రపంచ వృక్షశాస్త్రంలో రెండుసార్లు మలుపుకు కారణమైంది. 1986లో కేంద్ర ప్రభుత్వంలో జీవసాంకేతిక శాఖ ఏర్పడిన తరువాత విశ్వవిద్యాలయాలకు ఈ రంగంలో నిధులు పెరిగాయి. ఆ శాఖ సహకారంతో మొక్కల అణుజీవశాస్త్ర కేంద్రం ఏర్పడిన విశ్వవిద్యాలయాలలో ఉస్మానియా ఒకటి.

4. సీసాలో జరిగేది:

పద్ధతి వినడానికి సులువు, ఆచరణలో శ్రమతో కూడినది. ఎంపిక చేసిన మొక్క నుండి చిగురు కొననో, కణుపునో, ఆకు ముక్కనో తీసుకుంటారు. దానిని ఎక్స్‌ప్లాంట్ అంటారు. అడవి నుండి తెచ్చిన ముక్క మీద శిలీంధ్రాలు, బాక్టీరియాలు ఉంటాయి. తీపి మాధ్యమంలో అవి మొక్క కంటే వేగంగా పెరుగుతాయి కాబట్టి ముక్కను మెర్క్యూరిక్ క్లోరైడ్ వంటి పదార్థంతో శుభ్రం చేయాలి. మోతాదు తక్కువైతే బూజు మిగులుతుంది, ఎక్కువైతే కణజాలమే చనిపోతుంది. మాధ్యమంలో లవణాలు, విటమిన్లు, సాధారణంగా 3 శాతం చక్కెర, గట్టిపడడానికి 0.8 శాతం అగార్ ఉంటాయి. దాని పి.హెచ్.ను 5.8 దగ్గర ఉంచి, 121 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆవిరి ఒత్తిడితో క్రిమిరహితం చేస్తారు. సీసాలను 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో, రోజుకు 16 గంటల వెలుతురులో ఉంచుతారు. చిగుళ్ళు గుబురుగా వచ్చాక విడదీసి కొత్త సీసాలలోకి మారుస్తారు. తగినన్ని రాగానే ఆక్సిన్ కలిపిన మాధ్యమంలో వేళ్ళు తెప్పిస్తారు.

ఈ పద్ధతిలోని బలం గుణకారంలో ఉంది. నెలకు ఒక చిగురు నుండి నాలుగు చిగుళ్ళు వస్తాయనుకుంటే, ఆరు నెలలకు కాగితం మీద 4,096 చిగుళ్ళవుతాయి. విత్తనం తక్కువగా పట్టే మొక్కకు, మొలక శాతం తక్కువగా ఉండే మొక్కకు, వేరు తవ్వడం వల్ల విత్తన దశకు చేరకుండానే పోయే మొక్కకు ఇది వరమే. పైగా తల్లి మొక్కను చంపకుండా ఒక్క కణుపుతో పని మొదలుపెట్టవచ్చు. తెలుగునేలలోని పరిశోధకులను ఆకర్షించినది ఈ గుణమే.

5. తెలుగునేల మొక్కలపై ప్రయోగాలు:

5.1. ఎర్రచందనం:

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు ఎర్రచందనానికి పుట్టినిల్లు. ఈ కొండల పరిధి దాటితే ఇది సహజంగా పెరగడం చాలా అరుదు. గట్టి కాయలో విత్తనం ఉండడం వల్ల మొలకెత్తే శాతం తక్కువ. చెట్టుకు విలువ తెచ్చే చేవ ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. 1992లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జి. లక్ష్మీసీత బృందం చిగురు కొనల నుండి ఎర్రచందనం మొక్కలను పొందినట్లు ప్రకటించింది. 1999లో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన అనూరాధ, టి. పుల్లయ్య ఎర్రచందనాన్ని, దాని బంధువైన వేగిసను విత్తనాల వర్ధనం ద్వారా త్వరగా వృద్ధిచేసే పద్ధతిని వివరించారు. మధుమేహానికి వేగిస చెక్క గ్లాసులో నీళ్ళు తాగే అలవాటు దేశంలో పలుచోట్ల ఉన్నందున ఆ చెట్టుకు కూడా ముప్పు తక్కువేమీ కాదు.

విత్తనం నుండి వచ్చిన లేతమొక్క కణజాలం సీసాలో సులువుగా స్పందిస్తుంది. అయితే ఆ లేతమొక్క పెద్దయ్యాక ఎలాంటి చేవనిస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. మంచి చేవ ఉన్న ముదురు చెట్టు కణుపు తీసుకుంటే, అది ఫినోలిక్ పదార్థాలను విడుదల చేసి మాధ్యమాన్ని నల్లబరుస్తుంది, చిగుర్చడానికి మొరాయిస్తుంది. చెట్లజాతుల కణజాల వర్ధనం అంతటా ఎదురయ్యే చిక్కు ఇది. గుణం తెలిసిన చెట్టు లొంగదు, లొంగే మొక్క గుణం తెలియదు.

5.2. మొగి, కొండ సాంబ్రాణి:

1997లో తిరుపతికి చెందిన షావలీ ఖాన్, ప్రకాశ్, కె.ఆర్. రావు మొగి చెట్టును కణజాల వర్ధనం ద్వారా పెంచిన విధానాన్ని అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. నేరేడు కుటుంబానికి చెందిన మొగి తూర్పు కనుమల దక్షిణ భాగానికి పరిమితమైన చెట్టు. 2005లో చంద్రశేఖర్ బృందం కొండ సాంబ్రాణిపై ఇలాంటి ఫలితాలనే ప్రకటించింది. కొండ సాంబ్రాణికి బోస్వెల్లియా ఓవాలిఫోలియోలేటా అనే శాస్త్రీయ నామం 1961లో మాత్రమే వచ్చింది. శేషాచలం పరిసరాల ప్రజలకు ఎంతో ముందే తెలిసిన చెట్టు శాస్త్రగ్రంథంలోకి ఆలస్యంగా చేరింది. చేరిన నాలుగున్నర దశాబ్దాల లోపే దానిని కాపాడడానికి ప్రయోగశాల అవసరమైంది.

5.3. మారెడు కొమ్ములు:

తెలుగు అడవులలోని వేరు వ్యాపారాన్ని అర్థం చేసుకోవడానికి మారెడు కొమ్ములను మించిన ఉదాహరణ లేదు. దక్షిణ భారతదేశపు రాతి కొండలలో పాకే ఈ తీగ శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనై. దీని కండగల వేళ్ళలో ఘాటైన సువాసన ఉంటుంది. వెనిలాకు పరిమళాన్నిచ్చే వెనిలిన్‌కు సమరూపకమైన ఒక ఆల్డిహైడ్ ఆ వాసనకు ప్రధాన కారణం. వేరును ఊరగాయ పెడతారు, షర్బతుకు వాడతారు, ఆయుర్వేద మందులలో సుగంధిపాలకు బదులుగా కలుపుతారు. వేరు కోసం తవ్విన తీగ మళ్ళీ చిగురించే అవకాశం తక్కువ.

2000లో మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన బైస్, జార్జ్, రవిశంకర్ దీనిని ప్రమాదంలో ఉన్న పొదగా పేర్కొంటూ, కణుపు మొగ్గల నుండి పెంచే పద్ధతిని కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. అనంతపురం పరిశోధకులు కూడా ఈ తీగపై పనిచేశారు. ఒక ఆహార పరిశోధన సంస్థ అడవి తీగ రక్షణకు పూనుకోవడం గమనింపదగినది. వేరుకు గిరాకీ వైద్యం నుండి ఎంత వచ్చిందో వంటింటి నుండి, వేసవి దాహం నుండి కూడా అంత వచ్చింది.

5.4. తపసి, కుందేటి కొమ్ములు:

తెల్లని, పొరలు పొరలుగా ఊడే బెరడుతో రాతి గుట్టల మీద నిలిచే తపసి చెట్టు బంక ఔషధ పరిశ్రమకు, దంతవైద్యానికి అవసరమైన సరుకు. గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి బంక తీయడం వల్ల ఈ చెట్లు విపరీతంగా దెబ్బతిన్నాయి. 2008లో హుస్సేన్ బృందం లేతమొక్కల నుండి తపసిని సీసాలో వృద్ధిచేసింది. 2009లో అరుణ, కిరణ్మయి, కరుప్పుసామి, పుల్లయ్య కుందేటి కొమ్ముల మొక్కకు చెందిన మూడు రకాలను కణుపుల నుండి పెంచారు. ఆకులు దాదాపుగా లేని ఈ రసభరితమైన మొక్కను మెట్టప్రాంతాల పశుల కాపరులు, కొండవాసులు ఆకలి, దప్పిక తీరడానికి నమిలేవారు. దీని సారం ఊబకాయం తగ్గించే ఉత్పత్తులలోకి చేరడంతో విదేశీ విపణి కూడా దీనిని వెతుక్కుంటూ వచ్చింది.

6. పేరు – గుర్తింపు:

ఏ మొక్కను కాపాడాలన్నా ముందు అది ఏ మొక్కో తేలాలి. 18వ శతాబ్దం చివరలో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణిస్తూ శాస్త్రీయ నామాల పక్కన తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. తపసికి నేటికీ వాడుకలో ఉన్న స్టెర్కూలియా యూరెన్స్ అనే పేరు ఆయన 1795లో పెట్టినదే. తెలుగులో వెలువడిన ద్రవ్యగుణ గ్రంథాలు ఇలాంటి పేర్లకు మరొక ఆధారం. ఈ సంప్రదాయం తరువాతి పరిశోధన పత్రాలలో సన్నగిల్లింది. చాలా పత్రాలలో తెలుగు పేరు మొదటి పేరాలో ఒక్కసారి కనిపించి మాయమవుతుంది.

ఇది భాషకు మాత్రమే సంబంధించిన లోటు కాదు. రాయలసీమలో నన్నారి అంటే చాలామందికి సుగంధిపాల. అయితే మారెడు కొమ్ములను కూడా నన్నారి కొమ్ములని పిలుస్తారు. మారేడు చెట్టుతో, అంటే బిల్వంతో, వీటికి ఏ సంబంధమూ లేదు. ఒకే పేరు కింద రెండు వేర్లు బస్తాలోకి చేరినప్పుడు ఏది ఎంత తరిగిందో లెక్క తేలదు. సుగంధిపాల సన్నని వేరు తీగ, విస్తారంగా దొరుకుతుంది. మారెడు కొమ్ములు లావుపాటి వేరు, కొన్ని కొండలకే పరిమితం. త్వరగా బరువు తూగేది రెండవది కాబట్టి తవ్వకం భారం దాని మీదనే పడుతుంది.

కుందేటి కొమ్ము అంటే తెలుగు నుడికారంలో లోకంలో లేని వస్తువు. అదే పేరుతో రాతినేలల్లో ఒక మొక్క పెరుగుతుండడం భాషలోని చమత్కారం. రక్షణ కొరవడితే ఆ పేరు నిజమయ్యే ప్రమాదం ఉంది.

7. సీసా దాటిన తరువాత:

పైన చెప్పిన ప్రయోగాలన్నీ తమ పరిధిలో విజయవంతమైనవే. అయినా ఆ మొక్కలు ప్రమాదపు జాబితాల నుండి బయటపడలేదు. దీనికి నాలుగు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది మొక్క శరీరధర్మానికి సంబంధించినది. సీసాలో గాలి తేమతో నిండి ఉంటుంది, ఆహారం చక్కెర రూపంలో దొరుకుతుంది. అక్కడ పెరిగిన ఆకు మీద మైనపు పొర పలచన, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. అలాంటి మొక్కను నేరుగా ఎండలో పెడితే కొన్ని గంటలలో వాడిపోతుంది. అందుకే తేమను అంచెలంచెలుగా తగ్గిస్తూ వారాల తరబడి బయటి గాలికి అలవాటు చేస్తారు. చాలా పరిశోధన పత్రాలు ఈ దశలో ఎంత శాతం మొక్కలు బతికాయో చెప్పి ముగుస్తాయి. కుండీలో బతికిన మొక్క కడప కొండల మీద మూడు వేసవులు దాటిందా అన్నది వాటి పరిధిలోకి రాదు. పరిశోధన పథకం కాలపరిమితి రెండు మూడు సంవత్సరాలు, చెట్టు కాలపరిమితి దశాబ్దాలు.

రెండవది ఏకరూపత. ఒక్క తల్లి నుండి వచ్చిన వేల మొక్కలు జన్యుపరంగా దాదాపు ఒకటే. పొలంలో పంటకు ఇది మేలు, మందులో పదార్థం పాలు నిలకడగా ఉంటుంది. అడవిలో మాత్రం ఇది బలహీనత. ఒకే తెగులుకు అన్నీ ఒకేసారి లొంగవచ్చు. అలాగని పూర్తి ఏకరూపతకు హామీ కూడా లేదు. కణముద్ద దశ గుండా వచ్చిన మొక్కలలో అనుకోని మార్పులు తలెత్తుతాయని 1981లో లార్కిన్, స్కౌక్రాఫ్ట్ వివరించారు. కణుపుల నుండి నేరుగా పెంచడానికి పరిశోధకులు మొగ్గు చూపడానికి ఇదొక కారణం. జాతిని కాపాడాలంటే వేర్వేరు కొండల నుండి అనేక తల్లి మొక్కలను ఎంచుకోవాలి. మొక్కల కణజాలాన్ని ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద భద్రపరిచే జన్యునిధులు ఈ పనికి తోడ్పడతాయి. 1986లో ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థలో మొక్కల కణజాల నిధి ఏర్పాటైంది.

మూడవది ఖర్చు. సీసా, విద్యుత్తు, శిక్షణ పొందిన చేతులు – ఇవన్నీ కలిసిన మొక్క ధర, అడవిలో ఉచితంగా దొరికే వేరు ధరతో పోటీపడలేదు. అరటి మొక్కకు రైతు డబ్బు పెడతాడు, ఏడాదిలో గెల చేతికి వస్తుంది కాబట్టి. మారెడు తీగకు, ఎర్రచందనానికి ఆ నమ్మకం లేదు. అడవి సరుకు చవకగా వస్తున్నంతకాలం వ్యాపారి సాగు సరుకును కోరడు.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది. మొక్క తరిగిపోవడానికి కారణం మొలకెత్తకపోవడం అయినచోట సీసా పరిష్కారం చూపుతుంది. నరకడం కారణమైనచోట సీసా ఒక్కటే చాలదు. ఎర్రచందనాన్ని ప్రమాదంలోకి నెట్టినది ప్రధానంగా దొంగరవాణా. కణజాల వర్ధనం ఎన్ని మొక్కలిచ్చినా గొడ్డలి ఆగకపోతే లెక్క సరిపోదు. తపసి విషయంలో దీనికి విలోమమైన అనుభవం ఉంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తపసి బంకను కొంటూ వచ్చింది. విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే కోవెల్ ఫౌండేషన్ చెట్టు చావకుండా తక్కువ లోతు గాటుతో బంక తీసే పద్ధతిని గిరిజనులకు నేర్పింది. శుభ్రమైన బంకకు మెరుగైన ధర దొరకడం వల్ల చెట్టును బతికించుకోవడం గిరిజనులకే లాభమైంది. కోత పద్ధతి మారడం, ధర మారడం కలిసి నిలిచి ఉన్న చెట్టును కాపాడాయి. పోయిన చెట్ల స్థానాన్ని భర్తీ చేయడానికి ప్రయోగశాల మొక్క అక్కరకు వస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. క్రమంలో మాత్రం కోత ముందు, సీసా తరువాత.

ఇక్కడ నల్లమల చెంచుల వంటి అడవి బిడ్డలను తప్పుపట్టడం న్యాయం కాదు. వేరును తవ్వే చేతికి వచ్చేది ఆ సరుకు ధరలో అతి చిన్న భాగం. ఏ కొండవాలున ఏ తీగ ఎప్పుడు విత్తనం వేస్తుందో, ఎంత వేరు తీసి ఎంత వదిలితే మళ్ళీ చిగురిస్తుందో తెలిసినవారు కూడా వారే. ప్రయోగశాల నుండి వచ్చిన మొక్కకు కొండ మీద మొదటి మూడేళ్ళు కావలి కాయగలిగినవారు వారే.

8. నారపల్లి దారి సూచించేది:

2000 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఔషధ మొక్కల మండలిని ఏర్పాటు చేసింది. 2006లో కణజాల వర్ధన మొక్కల నాణ్యతను ధ్రువీకరించే జాతీయ వ్యవస్థ వచ్చింది. కాగితం మీద సాధనాలకు కొదవ లేదు. కొదవ ఉన్నది వాటి మధ్య అనుసంధానానికి. వ్యాసం మొదట్లో చెప్పుకున్న దారిని మళ్ళీ చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. విశ్వవిద్యాలయ ప్రయోగశాల, సాగు మెలకువలు తెలిసిన బోడుప్పల్ కేంద్రం, నారపల్లి అటవీ భూమి ఒకే దారి మీద ఉన్నాయి. సీసాలో పెరిగిన మొక్కను మొదట పొలంలో, తరువాత అడవి అంచున నాటి పదేళ్ళపాటు గమనించడానికి ఇంతకంటే అనువైన భౌగోళిక అమరిక అరుదు. శేషాచలానికి, నల్లమలకు చెందిన మొక్కలకు నారపల్లి రాతినేల సహజ నివాసం కాదు. అయినా సీసా మొక్కలు ఎండకు, రాయికి, పశువులకు ఎలా తట్టుకుంటాయో పరీక్షించడానికి, నగర విద్యార్థికి ఆ మొక్కను దాని తెలుగు పేరుతో పరిచయం చేయడానికి ఇలాంటి చోటు ఉపయోగపడుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన నుండి తేలిన అంశాలు:

• సర్పగంధి చరిత్ర చూపినట్లు, ఔషధ మొక్కకు ముప్పు స్థానిక వైద్యం వల్ల కాక, దూరపు విపణి గిరాకీ వల్ల పెరిగింది. వేరు, చేవ, బంక ఇచ్చే మొక్కలు ముందుగా దెబ్బతిన్నాయి.

• 1992 నుండి 2009 వరకు ఎర్రచందనం, మొగి, వేగిస, మారెడు కొమ్ములు, కొండ సాంబ్రాణి, తపసి, కుందేటి కొమ్ములు వంటి తెలుగునేల మొక్కలను సీసాలో పెంచవచ్చునని పరిశోధకులు నిరూపించారు. పద్ధతి లేకపోవడం ఇప్పుడు సమస్య కాదు.

• సీసా మొక్కను కొండవాలుకు చేర్చి దీర్ఘకాలం గమనించే ఏర్పాటు లేకపోవడం, ఒకే తల్లి మొక్కపై ఆధారపడడం, అడవి సరుకు చవకగా దొరకడం ఈ విజయాలను పరిమితం చేశాయి.

• తపసి అనుభవం కోత పద్ధతి, సరసమైన ధర రక్షణకు మొదటి మెట్లని తెలుపుతోంది. కణజాల వర్ధనం ఆ తరువాతి మెట్టు.

• తెలుగు పేర్లను, వాటి ప్రాంతీయ భేదాలను శాస్త్రీయ నామాలతో జతపరిచి నమోదు చేయడం రక్షణలో భాగమే. ఈ పనిలో వృక్షశాస్త్రజ్ఞులతో పాటు తెలుగు భాషా పరిశోధకులకు కూడా బాధ్యత ఉంది.

హేబర్‌లాండ్ ఊహించినట్లు ప్రతి కణంలోనూ ఒక మొక్క దాగి ఉంది. దానిని వెలికితీయడం శాస్త్రానికి సాధ్యమైంది. వెలికి వచ్చిన మొక్క నిలవడానికి ఒక కొండవాలు, దానిని పేరుపెట్టి పిలిచే మనుషులు కావాలి. తెలుగునేలలో ఈ చరిత్ర తరువాతి అధ్యాయం అక్కడ మొదలుకావలసి ఉంది.